పచ్చ పోగు కట్టిన పెట్ట

యాడికి అనే ఊళ్లో, మగ్గాల చప్పుడు వినబడే ఒక వీధిలో ఎదురెదురుగా రెండిళ్లున్నాయి. ఒక ఇంట్లో జేజి ఉంటుంది. తన బిడ్డల పిల్లలకే కాదు, వీధి మొత్తానికి ఆమె జేజే. ఎదురింట్లో నేతపని చేసుకునే కుటుంబం. ఆ ఇంటి కోడలు పెన్నేటి అవతల ఒక పల్లె ఆడబిడ్డ. రెండిళ్లలోనూ కోళ్లున్నాయి. ఆ వీధిలో కోడి లేని ఇల్లే లేదు.

ఆ ఏడు వానలు మొదట్లో ఆశపెట్టి, తర్వాత ముఖం చాటేశాయి. చెనిక్కాయ చెట్లకు ఊడలు దిగే వేళకు నేల గట్టిపడిపోయింది. చేలో పెట్టిన డబ్బు చేలోనే పోయింది. చీరలకు గిరాకీ తగ్గి మగ్గం కూడా వారంలో సగం రోజులు ఊరికే ఉండేది. అట్లాంటి ఏట ఇంటి ఆడవాళ్ల చేతిలో నాలుగు రూపాయలు ఆడించేది కోళ్లే. నూనెకూ ఉప్పుకూ గుడ్లు, పిల్లల పుస్తకాలకు ఒక పెట్ట, పెద్ద ఖర్చు వచ్చిపడితే ఒక పుంజు. ఆ డబ్బుకు మగవాళ్లు లెక్క అడగరు. అందుకే ఆ డబ్బంటే ఆడవాళ్లకు ప్రాణం.

జేజికి ఒక అలవాటు ఉంది. తెల్లవారుజామున వాకిలి ఊడ్చకముందే కోళ్ల దగ్గరికి పోతుంది. గంపను ఒక్కసారిగా ఎత్తదు. ఒక పక్క జానెడు లేపి, ఏది ముందు దూరి బయటికొస్తుంది, ఏది వెనక నిలబడిపోతుంది అని చూస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కోడి గంప లేచీ లేవకముందే పరుగెడుతుంది. వెనకబడిన కోడిని పట్టుకుని ఒళ్లో పెట్టుకుంటుంది. తురాయి ఎర్రగా ఉందా, పాలిపోయిందా, నల్లబడిందా? కళ్లు తెరిచి ఉందా, రెప్పలు వాలుస్తోందా? మెడ కింద మేతసంచిని రెండు వేళ్లతో తడుముతుంది. రాత్రి గింజలతో నిండినది తెల్లారేసరికి ఖాళీ అయి ఉండాలి, ఇంకా బరువుగా ఉంటే లోపల ఏదో సరిగా లేదు. రెక్కలెత్తి, తోక కింద ఈకలు విడదీసి పేలున్నాయేమో చూస్తుంది. ఆ తర్వాత గంప కింద రాత్రి పడిన రెట్టలు చూస్తుంది. గట్టిగా, బూడిదరంగు మీద తెల్లటి పొరతో ఉంటే బాగున్నట్టు. చిన్నపిల్లల రెట్టలో నెత్తురు కనబడితే గంప కింది నేల తడిగా ఉందని తెలుసుకుని ఆ రోజే చోటు మార్చి పొడి ఇసుక పోస్తుంది, ఆస్పత్రికి పోయి నీళ్లలో కలిపే మందు తెస్తుంది. పచ్చగా, తెల్లగా నీళ్లు పడితే మాత్రం ఆమె ముఖం మారిపోతుంది.

ఒకసారి జేజి కోళ్లు పగలు కాళ్లు ఈడుస్తూ, తురాయిలు పాలిపోయి తిరిగాయి. వీధిలో అందరూ దిష్టి అన్నారు. జేజి ఏమీ అనలేదు. రాత్రి టార్చిలైటు తీసుకుపోయి గూటి గోడలో రాళ్ల సందులు వెతికింది. గోమార్లు! పగలంతా సందుల్లో దాక్కుని, చీకటి పడ్డాక వచ్చి కోడి నెత్తురు తాగే పురుగులు. మెట్టప్రాంతపు వేడి, పొడి గాలి, రాతిగోడల సందులు వాటికి బాగా సరిపడతాయి. నెత్తురు తాగడమే కాదు, ఒక కోడి నుంచి ఇంకో కోడికి జ్వరం కూడా అవి మోస్తాయి. జేజి కోళ్లను వేరే చోటికి మార్చి, సందులన్నీ మంటతో కాల్పించి, సున్నం మెత్తించింది. పక్షం తిరిగేసరికి తురాయిలకు మళ్లీ ఎరుపొచ్చింది.

సంక్రాంతి పోయి శివరాత్రి దగ్గరపడుతున్న రోజుల్లో ఎదురింటి కోడలు సంత నుంచి ఒక డేగ పుంజును చంకన పెట్టుకుని వచ్చింది.

"ఏం పాపా, ఈ పుంజు యాడిది?" అంది జేజి.

"సంతలో తెచ్చినా జేజీ. పన్నెండు నూర్లు చేసే పుంజు, ఆర్నూర్లకే ఇచ్చినాడు."

"ఆర్నూర్లకే ఎందుకిస్తాండావని అడిగితివా?"

"బస్సుకు పొద్దుపోతాందన్నాడు."

జేజి పుంజును చేతిలోకి తీసుకోలేదు. దూరం నుంచే చూసింది. "బాగానే ఉండాది. అయినా సంత కోడిని వచ్చిన దినమే మందలో కలపకూడదు పాపా. రెండు వారాలు పెరట్లో వేరేగా కట్టెయ్. నీళ్లు వేరే, మేత వేరే. పొద్దున్నే ముందు మీ కోళ్లకు వేసి, దీనికి కడాకు వెయ్యి. దీన్ని ముట్టుకున్న చేత్తో వాటిని ముట్టుకోవాకు."

కోడలు సరేనంది. కానీ ఇంట్లో ఉన్నది ఒకటే గంప. పెరట్లో కట్టేస్తే రాత్రి బావురుపిల్లి వస్తుంది. సాయంత్రం అన్నింటితోపాటు దాన్నీ ఆ గంప కిందే కమ్మేసింది.

అయిదో రోజు పుంజు మేత దగ్గరికి రాలేదు. ఈకలు ఉబ్బించుకుని, మెడ లోపలికి లాక్కుని గోడవారన నిలబడింది. నోరు తెరిచి గొరగొరమని గాలి పీలుస్తోంది. కింద పచ్చటి నీళ్ల రెట్ట. ఆ రాత్రే చచ్చిపోయింది. కోడలు దాన్ని పాత గోనెసంచిలో చుట్టి, చీకట్లోనే పోయి వంకలో పారేసి వచ్చింది. తెల్లారి జేజి "పుంజు కూయలేదేమి పాపా?" అని అడిగితే, "పిల్లి ఎత్తకపోయినాది జేజీ" అంది.

ఆమె చెడ్డది కాదు. భయపడింది. రోగమని తెలిస్తే తన కోళ్లను ఎవరూ కొనరు. కూతురి హాస్టలు ఖర్చుకు అవే ఆధారం. అందరూ తననే తప్పుపడతారు. జేజి చెప్పినా వినలేదన్న సిగ్గు ఒకటి. ఇవన్నీ కలిసి నోటికి ఒక చిన్న అబద్ధాన్ని అందించాయి.

నాలుగు రోజులకు రెండు పెట్టలు రెప్పలు వాల్చాయి. మిగతావి చూడటానికి బాగానే ఉన్నాయి. మరుసటి రోజు సంత. కోడలు రాత్రంతా ఆలోచించింది. తెల్లవారుజామున బాగున్న అయిదు పెట్టలను కాళ్లు కట్టి బుట్టలో వేసుకుంది. అందులో ఒకటి ఆమె ముద్దుగా పెంచుకున్న నల్లపెట్ట. విడవకుండా గుడ్లు పెట్టేది, పొదిగిన ప్రతిసారీ పిల్లల్ని క్షేమంగా పైకి తెచ్చేది. వీధి కోళ్లలో కలిసిపోకుండా గుర్తుకోసం మగ్గం దగ్గర మిగిలిన పచ్చ పట్టుపోగును నాలుగు పేటలు వేసి దాని ఎడమ కాలికి కట్టింది. ఆ పోగు విప్పడం ఆమెకు గుర్తుకు రాలేదు.

సంతలో కోళ్ల బేరగాడు ఆమె ముఖంలోకి చూసి, "రోగం గీగం ఏమీ లేదు గదమ్మా?" అన్నాడు.

"ఏం లేదన్నా. బిడ్డ ఫీజు కట్టాల, అందుకే."

అతను ఇంకేమీ అడగలేదు. సగం ధరే చెప్పాడు. ఆమె బేరమాడలేదు. బేరమాడని ఆడమనిషిని చూశాక అతనికి అర్థమైపోయి ఉంటుంది. అయినా కొన్నాడు. మోటారుసైకిలుకు రెండు పక్కలా కట్టిన జాలిబుట్టల్లో పాతవాటితోపాటు ఈ అయిదింటినీ కుక్కి, తాడిపత్రి దారి పట్టాడు.

ఇక్కడ వీధిలో కుక్కలు వంకలోని గోనెసంచిని చీల్చి ఈకలను ఇళ్ల ముందుకు లాక్కొచ్చాయి. కాకులు పేగులెత్తుకుపోయి చూరుల మీద కూర్చుని తిన్నాయి. జేజి ఆ ఈకలు చూసింది. పిల్లి తిని మిగిల్చిన ఈకలే అనుకుంది. కోడలు చెప్పిన మాట అదే కదా. ఆ ఒక్క మాట వల్ల మూడు రోజులు ఊరికే గడిచాయి. ఆ మూడు రోజుల్లో ఎవరూ గంపలు వేరు చేయలేదు, ఎవరూ పశువుల ఆస్పత్రి వైపు పోలేదు.

తర్వాత అంతా ఒక్కసారిగా జరిగిపోయింది. మూలింట్లో ఆరు, గుడి పక్కింట్లో పది. ఒక కోడి మెడ వెనక్కి తిరిగిపోయి ఆకాశం వైపు చూస్తూ గిరగిరా తిరిగింది. ఇంకొకటి ఒక కాలు, ఒక రెక్క పడిపోయి పక్కకు ఒరిగింది. ఒకావిడ రాగిసంగటి ముద్దలో ఎర్రగడ్డ, తెల్లగడ్డ, పసుపు కలిపి మింగించింది. ఒకాయన మందుల షాపు నుంచి పసుపుపచ్చ పొడి తెచ్చి నీళ్లలో కలిపాడు. ఒకరు అమ్మవారన్నారు. జేజి ఆ మాట ఒప్పుకోలేదు. "అమ్మోరైతే తురాయి మీద, కళ్ల చుట్టూ పొక్కులు లేస్తాయి, పక్కుకట్టి ఎండిపోతాయి. ఇది అది కాదు. పసుపు పెట్టండి, నేను వద్దనను. ముందు బాగున్నవాటినీ బాగలేనివాటినీ ఒకే గంప కింద కమ్మేది మానుకోండి" అంది. మనవడితో పశువైద్య సాయానికి పిలిచే 1962 నంబరుకు ఫోను చేయించింది.

పశువుల డాక్టరు వచ్చాడు. చచ్చిన కోడి కడుపు కోసి, కందనకాయకు ముందుండే చిన్న సంచి లోపలి గోడ చూపించాడు. అక్కడ ఎర్రటి నెత్తుటి చుక్కలున్నాయి. "కొక్కెర రోగంలాగే ఉందమ్మా. పరీక్షకు పంపుతాను. రోగం తగిలిన కోడిని బతికించే మందు లేదు. ఉన్నవాటిని కాపాడుకుందాం" అన్నాడు. ఎవరింటి కోళ్లను వాళ్లు బయటికి వదలకుండా మూయించాడు. చచ్చినవాటన్నిటికీ ఊరి బయట లోతుగా గొయ్యి తీయించి, సున్నం పోయించి పూడ్పించాడు.

జేజి పెద్దకోళ్లలో ఒక్కటీ పోలేదు. దసరాకు ముందు వాటి రెక్కల కింద టీకా సూది వేయించింది. కానీ సంక్రాంతి తర్వాత పొదిగిన పిల్లలకు టీకా చుక్కలు వేయించడం కుదరలేదు. ఆ పిల్లలన్నీ పోయాయి. వీధిలో చాలా ఇళ్ల గంపలు బోర్లించినవి బోర్లించినట్టే ఉండిపోయాయి.

ఒక సాయంత్రం కోడలికి పుట్టింటి నుంచి తమ్ముడు ఫోను చేశాడు.

"అక్కా, అమ్మ కోళ్లు అన్నీ పోయినాయి. ఒక్కటి లేదు."

"అయ్యో! ఎట్ల పోయినాయిరా?"

"తాడిపత్రిలో ఒక పెట్టను కొన్నా, అమ్మకు పొదుగుడు పెట్ట లేదంటే. మంచి నల్లపెట్ట. మూడు దినాలకు అదే ముందు పడిపోయె. దాని వెనకాలే అన్నీ. కాలికి పచ్చ పట్టుపోగు కట్టి ఉండాది, ఎవురో ముద్దుగా పెంచుకున్నట్టుండారు అని తెస్తినక్కా."

కోడలి చేతిలో ఫోను వణికింది.

మరునాడు పుట్టింటికి పోయింది. తల్లి ఖాళీ గూటి ముందు కూర్చుని ఉంది. ఆమె కోళ్లమ్మిన డబ్బు మనవరాలి హాస్టలు ఖర్చుకే పంపేది. రెండిళ్ల కోళ్లూ ఒకే బిడ్డ చదువు కోసం తిరిగేవి. కోడలు తల్లి కాళ్ల దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పింది. తల్లి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే అడిగింది.

"రోగమని తెలిసే అమ్మినావా పాపా?"

దానికి కోడలి దగ్గర జవాబు లేదు.

యాడికికి తిరిగివచ్చాక ఆమె ముందు జేజి ఇంటికి, ఆ తర్వాత ఒక్కొక్క ఇంటికి పోయి, పుంజు సంగతి దాచింది తనేనని చెప్పింది. కొందరు తిట్టారు. ఒకావిడ ముఖం మీదే తలుపు వేసింది. జేజి మాత్రం, "చెప్పినావు గదా, ఇంక పనికి పద" అంది. ఇద్దరూ కలిసి వీధిలో ఏ ఇంట్లో ఎన్ని కోళ్లు మిగిలాయో లెక్క రాసుకున్నారు. ఆ లెక్క పట్టుకుని పశువుల ఆస్పత్రికి పోయారు.

నీతి

కోడి ఒక ఇంటిది, రోగం ఊరిది. దాచిన రోగం దాచినవాళ్ల ఇంట్లో ఆగదు. దారి తిరిగి తిరిగి చివరికి మన అనుకున్నవాళ్ల గడపలోకే పోతుంది.

ఈ కథలో కోడలు చేసింది మన పల్లెల్లో ఎంతోమంది చేసేదే. మందలో ఒకటి పడిపోగానే మిగతావాటిని అమ్మేస్తాం, లేదా కోసి బంధువులకు పంచుతాం. పోయేవి ఎట్లాగూ పోతాయి, నాలుగు రూపాయలైనా దక్కనీ అన్నది దాని వెనకున్న లెక్క. కరువు ఏట ఆ లెక్క వేసే మనిషిని నిందించడానికి నాకు మనసు రాదు. కానీ ఆ లెక్క తప్పు. కొక్కెర రోగం ఒంట్లోకి పోయిన కోడి సాధారణంగా అయిదారు రోజులు, ఒక్కోసారి రెండు వారాలు కూడా బయటికి ఏమీ చూపదు. సంతలో నిగనిగలాడుతూ కనబడే కోడి అప్పటికే రోగాన్ని మోస్తూ ఉండవచ్చు. అందుకే జేజి రెండు వారాలు వేరుగా ఉంచమంది. అది చాదస్తం కాదు, రోగం బయటపడటానికి పట్టే గడువు.

ఈ రోగం దేశాలు తిరిగిందీ మనుషులు కోళ్లను మోసిన దారుల్లోనే. 1926లో జావా దీవిలోనూ, అదే ఏడాది ఇంగ్లండులోని న్యూకాజిల్ రేవుపట్నం దగ్గరా దీన్ని గుర్తించి రాశారు. మరుసటి ఏడు, 1927లో, హిమాలయాల్లోని రాణిఖేత్‌లో కనబడింది. అందుకే మన దేశంలో డాక్టర్లు దీన్ని రాణిఖేత్ వ్యాధి అంటారు. టీకా లేని మందలో పడితే నూటికి తొంభై కోళ్లను కూడా తీసుకుపోగలదు. ఇది వైరస్ వల్ల వచ్చే జబ్బు. మందుల షాపులో దొరికే యాంటీబయాటిక్ పొడులకు వైరస్ చావదు. పైగా ఆ మందు గుడ్లలోకి, మాంసంలోకి దిగి మన పిల్లల కడుపులోకి చేరుతుంది.

చచ్చే కోడిని బతికించే మందు లేకపోయినా, రోగం రాకముందే ఆపే టీకా మన దేశంలో డెబ్బై ఏళ్లకు పైగా ఉంది. పిల్ల పుట్టిన అయిదు నుంచి ఏడు రోజుల మధ్య కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క, నాలుగు వారాలకు మళ్లీ ఒక చుక్క, ఎనిమిది వారాలు దాటాక రెక్క కింద సూది. పెరటికోళ్లకు ఆ సూదిని ఆరు నెలలకోసారి మళ్లీ వేయించమంటారు. ఇంత తేలికైన పని మన పల్లెల్లో ఎందుకు జరగదు? బద్ధకం వల్ల కాదు. టీకా సీసా ఒకటి సాధారణంగా వంద కోళ్లకో అంతకంటే ఎక్కువకో సరిపడేట్టు వస్తుంది. మంచులో పెట్టి తేవాలి, ఎండ తగలకూడదు. ఒకసారి కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి. ఎనిమిది కోళ్లున్న ఇల్లాలి కోసం సీసా ఎవరు విప్పుతారు? పది ఇళ్లు కలిస్తేనే సీసా విప్పే దారి. పైగా కోళ్లు గంప కింద ఉన్నప్పుడే పట్టుకోగలం, పొద్దెక్కి పొలాల్లో పడ్డాక దొరకవు. కాబట్టి వీధి అంతా ఒక మాట మీద నిలబడి, ఒకే తెల్లవారుజామున గంపలు లేపకుండా ఆపాలి. జేజీ కోడలూ రాసుకున్న లెక్క ఇందుకే. ఈ కథలో వాళ్లు చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఆ లెక్క. రోగం ఊరంతటిదైనట్టే టీకా కూడా ఊరంతటిది.

జబ్బుపడిన కోడికి టీకా వేస్తే లాభం లేదు. ఊళ్లో రోగం మొదలయ్యాక బాగున్నవాటికి వేయించవచ్చు గాని, అప్పటికే లోపల రోగమున్నవి పోతాయి. అప్పుడు టీకా వల్లే పోయాయన్న మాట పుడుతుంది. ఆ మాట చాలా ఇళ్ల తలుపులు మూయించింది. ముందే వేయించుకుంటే ఆ మాట పుట్టేదే కాదు.

ఇంకొక సంగతి గట్టిగా చెప్పాలి. కొక్కెర రోగమూ బర్డ్ ఫ్లూ కంటికి ఒకే తీరుగా కనబడవచ్చు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా చాటగుట్ల, గుమ్మళ్లదిబ్బల్లో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లు కుప్పలుగా చనిపోయినప్పుడు, అది బర్డ్ ఫ్లూ అని తేలింది భోపాల్‌లోని ప్రయోగశాలలో నమూనాలు పరీక్షించాకే. కాబట్టి ఒక్కసారిగా ఎక్కువ కోళ్లు పోతే, లేదా ఊళ్లో కాకులు కూడా చచ్చి పడుతుంటే, వట్టి చేతులతో ముట్టుకోకండి. పిల్లల్ని అటు పోనివ్వకండి. కోసి వండే ఆలోచన అసలే వద్దు. చెబితే ప్రభుత్వం వచ్చి ఉన్న కోళ్లన్నీ చంపేస్తుందన్న భయం మనవాళ్లలో ఉంది. ఆ భయంలో ఒక పొరపాటు ఉంది. బర్డ్ ఫ్లూ తేలినచోట అధికారులు చంపిన కోళ్లకు పరిహారం ఇస్తారు, అంతకుముందే చచ్చినవాటికి ఇవ్వరు. అంటే ఆలస్యం చేసేకొద్దీ నష్టపోయేది దాచినవాళ్లే.

చట్టం కూడా ఇదే చెబుతోంది. పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ కోసం 2009లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం, జాబితాలో ఉన్న అంటువ్యాధి సోకిందని అనుమానం వచ్చిన యజమాని ఊరి అధికారికో పంచాయతీకో తెలియజేయాలి, ఆ జీవాన్ని మిగతావాటికి దూరంగా ఉంచాలి. ఆ జాబితాలో కొక్కెర రోగమూ ఉంది, బర్డ్ ఫ్లూ కూడా ఉంది. చట్టం పేరు తెలియని జేజి తన ఇంగితంతో చేసింది అదే.

మన పక్క ఎండ మనకు శత్రువని అనుకుంటాం. ఈ ఒక్క విషయంలో అది చుట్టం. నీడలో, తడి రెట్టల్లో వారాల తరబడి బతికే ఈ వైరస్ గట్టి ఎండకు తాళలేదు. రోగం పోయిన ఇంట్లో గంపనూ నీళ్ల గిన్నెలనూ తోమి ఎండలో పడేయండి. గూటి నేలను పైపైన చెక్కి తీసి పూడ్చి, సున్నం చల్లండి. కనీసం నెలరోజులు ఆ గూటిని ఖాళీగా వదిలేయండి. ఏడుపు ఆగకముందే కొత్త కోళ్లు కొని పాత గూట్లో వేసేవాళ్లు రెండోసారి ఏడుస్తారు. చచ్చిన కోడిని వంకలో, దిబ్బలో పారేయకండి. సున్నపురాయికి కొదవలేని నేల మనది. రెండు మూడడుగుల గొయ్యి, దోసెడు సున్నం, పైన బరువైన రాయి. కుక్క తవ్వలేదు, కాకి ముట్టలేదు.

సంతలో కోళ్లు కొని అమ్మే అన్నలకూ ఒక మాట. బేరమాడని అమ్మ ముఖం చూసి మీకు అర్థమవుతుంది. ఆ రోజు ఆ కోళ్లను కొనకండి, పశువుల ఆస్పత్రికి దారి చూపించండి. మీ జాలిబుట్ట ఒక్క రోజులో ఎన్ని ఊళ్లు తిరుగుతుందో మీకే బాగా తెలుసు. సంత ముగిశాక దాన్ని బ్లీచింగ్ నీళ్లతో కడగడానికి పట్టేది కాసేపే.

రేపు తెల్లవారుజామున గంపను జానెడే లేపి చూడండి. ఏ కోడైనా వెనకబడితే దాన్ని వేరు చేసి, పక్కింటికి చెప్పి, 1962కు ఫోను చేయండి. అన్నీ బాగుంటే పది ఇళ్ల కోళ్ల లెక్క రాసుకుని, ఈ వారమే మీ ఊరి రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడి చేతికివ్వండి.